మిల్లు దిబ్బ తీర్మానం

మా ఊరి సభకి ఇరవై రెండేళ్ళుగా నేనే అధ్యక్షురాలిని. ఏటా మార్చి మొదటి మంగళవారం ఊరంతా టౌన్‌హాల్లో చేరి, ఏ రోడ్డుకి కంకర పోయాలో, మంటలార్పే బండికి కొత్త టైర్లు వేయాలో వద్దో వాదించుకుని తేల్చుకుంటుంది. ఆ రోజు కొయ్య సుత్తి నా చేతిలో ఉంటుంది. నేను సుత్తి కొట్టి చెప్పిన మాటని ఇదేమిటని అడిగిన మగాడు ఇంతవరకూ లేడు. ఆడదీ లేదు. గొప్పలకే చెబుతున్నాను, ఎందుకంటే ఆ గొప్ప ఇప్పుడు నాకు మిగల్లేదు. కిందటేడు మార్చిలో ఏడేళ్ళ పిల్ల అడిగింది.

అంతకు ముందు డిసెంబరులో మొదలైంది ఇదంతా. మా బళ్ళో ఒకటి నుంచి మూడో తరగతి దాకా ఒకటే గది, పదకొండు మంది పిల్లలు, ఒక్కతే పంతులమ్మ. పేరు కొరీన్ గాన్యోన్. ఆ ఏడే కొత్తగా వచ్చింది. ఒకరోజు సాయంత్రం మా ఇంటి తలుపు తట్టి, బూట్ల మంచు దులుపుకుంటూ గుమ్మంలోనే మొదలుపెట్టింది.

"హల్డా గారూ, పిల్లలకి ప్రభుత్వం గురించి చెప్పాలండీ. పుస్తకంలో మూడు కొమ్మల చెట్టు బొమ్మ ఉంది. ఒక కొమ్మ చట్టాలు చేస్తుంది, ఒకటి నడిపిస్తుంది, ఒకటి తీర్పు చెబుతుంది అని చెప్పాను. సైలస్ ఆ చెట్టు మీద ఒక ఉడతని గీసి, కొమ్మల్ని ఆడించేది ఇదే టీచర్ అన్నాడు."

"వాడికి విషయం అర్థమైందమ్మా. ఇంకేం చెప్పాలి?"

"వేళాకోళం కాదండీ. మీరు ఒక్క గంట రండి."

సుత్తి పట్టుకుని వెళ్ళాను. పిల్లలందరూ నా మొహం మానేసి సుత్తి వైపే చూశారు.

"చట్టం అంటే ఏమిటో ఎవరికైనా తెలుసా?" అన్నాను.

ఓపల్ చెయ్యెత్తింది. మా తమ్ముడు ఆర్విల్ మనవరాలు. తాతతోనే ఉంటుంది, మిల్లు దిబ్బ మీద ఉన్న పాల ఆవుల ఫారంలో. "చెయ్యొద్దని చెప్పడం" అంది.

"ఎవరు చెప్పడం?"

"మా తాత."

అందరూ నవ్వారు. ఆర్విల్ గురించి ఆ మాట నూటికి నూరుపాళ్ళు నిజం కాబట్టి నేనూ నవ్వాను. తరువాత బల్ల మీద ఠప్పున ఒక్కటి కొట్టి, మా సభ రూళ్ళు చెప్పాను. మాట్లాడాలంటే లేచి నిలబడి "అధ్యక్షా" అనాలి. నా వైపే చూసి మాట్లాడాలి, పక్కవాడి మీద పడకూడదు. అందరికీ ఒకసారి అవకాశం వచ్చేదాకా ఎవరూ రెండోసారి లేవకూడదు. ఓటు దగ్గర, ఒప్పుకున్నవాళ్ళు "అవును" అని అరుస్తారు, ఒప్పుకోనివాళ్ళు "కాదు" అని అరుస్తారు. ఎవరి గొంతు పెద్దదో నేను విని చెబుతాను. నేను విన్నది తప్పనిపిస్తే, ఓటున్న ఎవరైనా సరే, "లేపి లెక్కపెట్టించండి" అని అడగొచ్చు.

"ఇంకొకటి" అన్నాను. "ఓడిపోయినవాడు అయిపోయిన ఓటుని మళ్ళీ తవ్వకూడదు. మళ్ళీ ఓటు పెట్టమని అడిగే హక్కు గెలిచినవాడికే."

సైలస్ గబుక్కున లేచాడు. "అదేం న్యాయం? గెలిచినోడు మళ్ళీ ఎందుకు అడుగుతాడు?"

"అధ్యక్షా అనాలి."

"అధ్యక్షా, గెలిచినోడికేమన్నా పిచ్చా?"

"అడగడు నాయనా. ఇరవై రెండేళ్ళలో ఒక్కడూ అడగలేదు. రూలు మాత్రం ఉంది."

వారం తిరక్కుండానే ఫోన్లు మొదలయ్యాయి. ఒకింట్లో రాత్రి భోజనం దగ్గర తండ్రి బంగాళాదుంప ముద్ద రెండోసారి వడ్డించుకోబోతే కూతురు గరిటె పట్టుకుని ఆపిందట, అమ్మ ఇంకా ఒకసారి కూడా వడ్డించుకోలేదు అధ్యక్షా అని. సైలస్ స్నానం విషయంలో ఓటు పెట్టించి, తను, తమ్ముడు, కుక్క కలిసి ముగ్గురుగా గెలిచాడట. వాళ్ళమ్మ నాకు ఫోన్ చేసి, "కుక్కకి ఓటుందని మీరే చెప్పారా?" అని అడిగింది. నేను నవ్వలేక చచ్చాను. ఇన్నేళ్ళుగా పెద్దవాళ్ళకి ఆ రూళ్ళు చెబుతున్నాను, ఒక్కరైనా ఇంటికి తీసుకెళ్ళారా?

రెండోసారి బడికి వెళ్ళినప్పుడు ఓపల్ లేచింది.

"అధ్యక్షా, మనం కూడా ఒక చట్టం చేయొచ్చా? చెయ్యొద్దనేది కాదు. చెయ్యొచ్చు అనేది."

"ఏం చేయొచ్చనేది?"

"మిల్లు దిబ్బ మీద జారొచ్చని."

గది మొత్తం ఒక్కసారిగా నా వైపు వంగింది. వాళ్ళ బాధ నాకు తెలుసు. మిల్లు దిబ్బ రోడ్డు ఆర్విల్ ఫారం దగ్గర మొదలై, ఒక్క మెలికతో, బడి వెనక దాకా దిగుతుంది. మంచు మీద స్లెడ్డుబండి వేసుకుని జారడానికి దేవుడు చేసిన వాలు అది. మా చిన్నప్పుడు శనివారాలు ఆ రోడ్డు పిల్లలదే. పదకొండేళ్ళప్పుడు నేను ముందు కూర్చుని బండి నడుపుతుంటే, నా వెనక తొమ్మిదేళ్ళ ఆర్విల్ కూర్చున్నాడు. మెలిక దగ్గర రాతి గోడని ముద్దుపెట్టుకున్నాం. వాడి ముందు పన్ను అక్కడే పోయింది. ఆ తరువాత వాడు స్లెడ్డు ఎక్కలేదు, నన్ను క్షమించనూ లేదు. తరువాత కార్లు పెరిగాయి, అవి జారకుండా రోడ్డు మీద ఇసక చల్లడం మొదలైంది, పిల్లల్ని శ్మశానం పక్క వాలుకి తరిమేశారు. అక్కడ కింద ఇనప కంచె ఉంటుంది. అంతకు ముందు చలికాలం సైలస్ గడ్డానికి ఆరు కుట్లు పడ్డాయి.

"చేయొచ్చు" అన్నాను. "ఊరి సభ ముందుకి రావాలంటే ఓటర్లు ఇరవై ఒక్కమంది సంతకాలు పెట్టాలి."

"మేం పెడతాం!"

"మీరు ఓటర్లు కాదు. ఇంటింటికీ తిరిగి పెద్దవాళ్ళ చేత పెట్టించాలి. ఇంకో సంగతి. ఇప్పుడు గెలిచినా అది వచ్చే చలికాలానికే."

"అప్పటికి నాకు ఎనిమిదేళ్ళొచ్చేస్తాయి!" అంది ఓపల్, ఎనభై వస్తాయన్నంత దిగులుగా.

తీర్మానం నేనే రాసిచ్చాను. మంచున్న ప్రతి శనివారం పొద్దున ఏడింటి నుంచి మధ్యాహ్నం పన్నెండింటి దాకా మిల్లు దిబ్బ రోడ్డుని బళ్ళకి మూసి, పిల్లల స్లెడ్డులకి వదలాలా అని. తొమ్మిదింటికి ఆర్విల్ ఫారానికి పాల ట్యాంకరు వస్తుందని నాకు తెలుసు. తెలిసే రాశాను. వాడే వచ్చి అడుగుతాడు, అప్పుడు మారుద్దాంలే అనుకున్నాను. అక్కే వచ్చి అడుగుతుందిలే అని వాడు కూర్చున్నాడు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళంటారు చూడండి, మా అక్కాతమ్ముళ్ళిద్దరం కలిసి పట్టిన కుందేలు అది.

జనవరి చలిలో పిల్లలు ముక్కులు ఎర్రబడేలా తిరిగారు. ఇరవై సంతకాలయ్యాయి. ఇరవై ఒకటోది తాత దగ్గరే తీసుకుంటానని ఓపల్ పట్టుబట్టింది. ఆ ముచ్చట తరువాత తనే వచ్చి నాకు చెప్పింది, రెండు గొంతులూ తనే పెట్టి.

"తాతా, సంతకం పెట్టు."

ఆర్విల్ కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివాడట. "ఏడు నుంచి పన్నెండా? నా పాల ట్యాంకరు ఎగిరొస్తుందా? ఆవులకి శనివారమని తెలుసా?"

"తెలీదు."

"మరి? రాసింది మీ హల్డా మామ్మేగా? దాని రాత నాకు తెలుసు."

"అయితే పెట్టవా?"

"కలం ఇలా ఇయ్యి." పెట్టేశాడట. పెట్టి కాగితం ఆరేదాకా ఊది మరీ చేతికిచ్చాడట. "సంతకం పెట్టడమంటే సరే అనడం కాదే పిల్లా. ఊరి ముందుకి రానీ అనడం. రానీ. వచ్చాక నేనే ఓడిస్తా."

"మామ్మా, తాత మన శత్రువు" అంది ఓపల్ నాతో. "కాని మంచి శత్రువు."

మార్చి మొదటి మంగళవారం వచ్చింది. ఆ ఏడు మంచు ఇంకా గట్టిగానే ఉంది కానీ, మధ్యాహ్నమయ్యేసరికి రోడ్ల మీద బురద మొదలవుతోంది. హాల్లో తడి బూట్ల వాసన, వెనక వంటగదిలోంచి ఉడుకుతున్న చిక్కుడు గింజల వాసన. సగం మంది ఆడవాళ్ళు అల్లిక సూదులతో వచ్చారు. ఓటు లేనివాళ్ళు కూర్చోవడానికి కుడిపక్క గోడవార బెంచీలుంటాయి. అక్కడ పదకొండు మంది పిల్లలు, చివర కొరీన్. అందరికీ తలలు నున్నగా దువ్వి ఉన్నాయి. సైలస్ మెడకి తండ్రి టై వేలాడుతోంది, మోకాళ్ళ దాకా.

కంకర గురించి గంటన్నర వాదించుకున్నాక తొమ్మిదో అంశం వచ్చింది. ఓటు లేని పిల్ల మాట్లాడడానికి సభ ఒప్పుకుంటుందా అని అడిగాను. ఎవరూ అడ్డు చెప్పలేదు. ఓపల్ లేచింది.

"అధ్యక్షా, మిల్లు దిబ్బ చాలా బాగుంటుంది. శ్మశానం దగ్గర కంచె ఉంది. సైలస్ గడ్డం చూడండి." సైలస్ లేచి గడ్డం ఎత్తి హాలు మొత్తానికీ చూపించాడు. "మాకు ఓటు లేదు. మీకుంది. అందుకని మిమ్మల్నే అడుగుతున్నాం. అంతే."

ఆర్విల్ లేచాడు. "అధ్యక్షా, పిల్లలంటే నాకు పడదని కాదు. నా ఇంట్లో ఒకతి ఉంది, రోజుకి మూడు పూటలా నన్ను అధ్యక్షా అంటోంది. కాని శనివారం తొమ్మిదింటికి ట్యాంకరు దిబ్బ ఎక్కకపోతే, నలభై ఆవుల పాలు నేనేం చేసుకోను? స్నానం చెయ్యనా? ఆ తీర్మానం రాసిన పెద్దమనిషికి ఈ సంగతి తెలీదా?"

"సభ్యులు ఎవరి మీదా వ్యాఖ్యలు చేయకూడదు" అన్నాను, చెవులు వేడెక్కుతుంటే.

"పేరు చెప్పలేదుగా" అని కూర్చున్నాడు. హాలంతా నవ్వింది.

మరో అయిదారుగురు మాట్లాడారు. తరువాత ఓటు పెట్టాను. "ఒప్పుకున్నవాళ్ళు అవును అనండి."

"అవును!" కిటికీ అద్దాలు అదిరాయి.

"ఒప్పుకోనివాళ్ళు?"

"కాదు!" అది కూడా గట్టిగానే వచ్చింది. కాని మొదటిదే కాస్త పైన ఉన్నట్టుంది. కాస్తే.

"తీర్మానం నెగ్గింది" అని సుత్తి కొట్టాను.

చప్పట్లు మోగాయి. సైలస్ బెంచీ ఎక్కి టై గిరగిరా తిప్పుతున్నాడు. కొరీన్ కళ్ళు తుడుచుకుంటోంది. నాకు పదకొండేళ్ళ పిల్లనైపోయినంత సంతోషంగా ఉంది. ఆర్విల్ వైపు చూశాను, ఇప్పుడు లేస్తాడు, లెక్క అడుగుతాడు అనుకుంటూ. వాడు చేతులు కట్టుకుని కప్పు వైపు చూస్తున్నాడు. లేవలేదు.

"అధ్యక్షా!"

ఓపల్ నిలబడి ఉంది.

"ఏమిటమ్మా?"

"లెక్క తప్పు."

చప్పట్లు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి.

"మేమూ అరిచాం అధ్యక్షా. మాకు ఓటు లేదుగా. అరవకూడదనే అనుకున్నాను, నోట్లోంచి వచ్చేసింది. నేను అరిచాను, అందరూ అరిచారు. సైలస్ రెండుసార్లు అరిచాడు."

"ఒకసారే!" అన్నాడు సైలస్ బెంచీ మీంచి. "రెండోది దగ్గు!"

ఎవరూ నవ్వలేదు. ఇప్పుడొక మాట చెబుతాను, ఆ నిమిషంలో ఎవరికీ చెప్పలేదు. కుడిపక్క నుంచి వచ్చిన ఆ సన్న గొంతులు నాకు వినిపించాయి. వినిపించీ సుత్తి కొట్టాను. కంచే చేను మేసిందంటారే, ఆ కంచెని నేనే. సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోయింది. ఆ సిగ్గులో ఇంకో తప్పు మాట అన్నాను.

"ఓపల్, లెక్క అడిగే హక్కు ఓటరుకే ఉంది. నీకు లేదు."

రూలు అదే. కాని ఆ రూలు వెనక నేను దాక్కున్నాను. ఆ పిల్ల తాత వైపు తిరగబోయి, నా వైపే చూడాలన్న సంగతి గుర్తొచ్చి మళ్ళీ ఇటు తిరిగింది.

"అధ్యక్షా, మా తాతకి ఓటుంది. ఆయన్ని అడగమనండి."

నూట ఇరవై తలలు ఆర్విల్ వైపు తిరిగాయి. వాడు కప్పు మీంచి చూపు దించాడు. మనవరాలి కోసమే నోరు మూసుకుని కూర్చున్నాడని నాకు అప్పుడు తెలిసింది. మింగలేక కక్కలేక ఉన్నవాణ్ణి ఆ పిల్ల రెక్క పట్టుకుని లేపుతోంది. మెల్లగా లేచి, పన్ను పీకించుకుంటున్నవాడి గొంతుతో అన్నాడు.

"అధ్యక్షా. లేపి లెక్కపెట్టించండి."

లెక్కపెట్టించాను. అవునన్నవాళ్ళు యాభై ఎనిమిది మంది. కాదన్నవాళ్ళు అరవై మూడు. ఓట్లు సమానమైతే తప్ప అధ్యక్షురాలికి ఓటు లేదు.

"తీర్మానం వీగిపోయింది" అన్నాను. సుత్తి కొట్టాను.

ఓపల్ కూర్చుంది. ఏడవలేదు. పక్కనుంచి సైలస్, "చెప్పకుండా ఉంటే అయిపోయేది" అని గొణిగాడు. నేను భోజనాల కోసం సభ ఆపాను.

ఊరి సభ రోజు భోజనాలు నేలమాళిగలో. పొడవాటి బల్లలు, చిక్కుడు గింజల కూర, పంది మాంసం, పిండి రేకుల మధ్య పళ్ళు పెట్టి కాల్చిన తొమ్మిది రకాల పైలు. వరసలో నిలబడి అందరికీ కూర వడ్డిస్తున్నాను. ఎవరికీ మొహం చూపించాలని లేదు, పనిలో పడితే చూపించక్కర్లేదు. నాకు రెండడుగుల దూరంలోనే బల్ల చివర ఆర్విల్ ఒంటరిగా కూర్చున్నాడు. గెలిచినవాడి పక్కన ఆ రోజు ఎవరూ కూర్చోలేదు. ఓపల్ రెండు చేతులతో పళ్ళెం పట్టుకుని, నాలుక కొస బయటపెట్టి నడుస్తూ అక్కడికొచ్చింది. పళ్ళెంలో ఆపిల్ పై ముక్క, దాని మీద జున్ను ముక్క.

"ఏమిటిది, లంచమా?" అన్నాడు ఆర్విల్.

"కాదు. పై."

"నీ చట్టం ఓడిపోయిందే. నా మీద కోపం రాలేదా?"

"వచ్చింది. పై ముక్కకి కోపం ఉండదుగా. తిను."

వాడు ఒక ముద్ద తిన్నాడు. "ఎందుకు చెప్పావే? నోరు మూసుకు కూర్చుంటే దిబ్బ మీదైపోయేది."

ఓపల్ బెంచీ ఎక్కి కాళ్ళు ఊపుకుంటూ కూర్చుంది. "నువ్వూ విన్నావుగా మేం అరవడం. నువ్వెందుకు చెప్పలేదు?"

ఆర్విల్ జున్ను ముక్క కొరుక్కున్నాడు.

"తాతా, ట్యాంకరు ఎంతసేపుంటుంది?"

"ఇరవై నిమిషాలు. మంచు ఎక్కువుంటే అరగంట."

"అంటే తొమ్మిదిన్నరకి వెళ్ళిపోతుందిగా. తరువాత రోడ్డుతో నీకేం పని?"

"ఏం పనీ లేదు."

"మరి ఆ మాట సభలో చెప్పలేదే?"

"నన్నెవరడిగారు? ఏడు నుంచి పన్నెండని రాసి మొహాన కొట్టింది మీ మామ్మ."

నా చేతిలో గరిటె ఆగిపోయింది. వరసలో ఉన్న పెద్దాయన, "హల్డా, ఆ గింజలు నా పళ్ళెంలోకేనా, నువ్వు తూకం వేస్తున్నావా?" అన్నాడు. వడ్డించాను. చెవులు మాత్రం అటే ఉన్నాయి.

"నేను మళ్ళీ అడగకూడదు" అంటోంది ఓపల్. "మేం ఓడిపోయాం. గెలిచినవాళ్ళే అడగాలట. గెలిచినవాళ్ళు అడగరట. ఇరవై రెండేళ్ళలో ఒక్కళ్ళూ అడగలేదట." పళ్ళెంలో మిగిలిన తునకని వేలితో తాత వైపు నెట్టింది. "ఇది కూడా తినెయ్యి."

మధ్యాహ్నం సభ మళ్ళీ మొదలయ్యింది. పదో అంశం చదవబోతున్నాను, ఆర్విల్ లేచాడు.

"అధ్యక్షా. తొమ్మిదో అంశంలో నేను గెలిచినవైపు ఓటేశాను. దాన్ని మళ్ళీ ఓటుకి పెట్టమని అడుగుతున్నాను."

సుత్తి నా చేతిలోంచి జారి కింద పడింది. అది దొర్లుకుంటూ పోతుంటే ముందు వరసలో ఎవరో తీసిచ్చారు. బెంచీ మీంచి సైలస్ గొంతు హాలంతా వినిపించింది: "పిచ్చోడొకడు దొరికాడు!"

"నేను చెప్పేదేమంటే" అన్నాడు ఆర్విల్, "ఏడు నుంచి పన్నెండు తీసేసి, పది నుంచి ఒంటిగంట అని మార్చాలి. ట్యాంకరు దిగిపోతుంది, పిల్లలు జారతారు. ఈ మాట ఇంతకుముందే చెప్పాల్సింది. అడగలేదని అలిగాను. అరవై తొమ్మిదేళ్ళొచ్చాయి, ఏం లాభం?"

నాకేసి చూశాడు. అధ్యక్షస్థానంలో ఉన్నవాళ్ళు చర్చలో మాట్లాడకూడదు. అయినా నేను మాట్లాడాను. "రాసినావిడ కూడా అడగాల్సింది. అడగనందుకు ఆవిడ సిగ్గుపడుతోంది. పొద్దున గొంతులు సరిగ్గా వినిపించినా వినిపించనట్టు సుత్తి కొట్టినందుకు ఇంకా ఎక్కువ సిగ్గుపడుతోంది. ఆవిడ్ని క్షమించమని అడుగుతున్నాను." వెనకనుంచి ఎవరో, "క్షమించాంలే, ఓటు పెట్టు, ఆవులు పితకాలి" అన్నారు.

ఓటు పెట్టేముందు కుడిపక్కకి తిరిగాను. "పిల్లలూ, నోళ్ళు." పదకొండు మందీ రెండు చేతులతో నోళ్ళు మూసుకున్నారు. సైలస్ నోట్లో టై కూడా కుక్కుకున్నాడు. పక్కన కొరీన్‌కి ఓటుంది, అయినా ఆవిడా మూసుకుంది. "మీరు కాదమ్మా" అని చెప్పాల్సొచ్చింది.

ఈసారి అవును అన్న కేక విన్నాక ఎవరికీ అనుమానం లేదు. అయినా అందరినీ లేపి లెక్కపెట్టించాను. నూట పదిహేడు, నాలుగు. ఆ నలుగురూ ఎవరో నాకు తెలుసు, చెప్పను. సుత్తి కొట్టాక, "ఇక తియ్యండర్రా చేతులు" అన్నాను. పదకొండు నోళ్ళు తెరుచుకున్నాయి, నా సుత్తి చప్పుడు నాకే వినపడలేదు.

రోడ్డుకి అడ్డుకొయ్య పెట్టి తీసేవాడొకడు ఉండాలి కదా అని ఎవరో లేవదీశారు. మా ఊళ్ళో కంచెలు చూసే పదవి, బొగ్గు తూచే పదవి ఇంకా ఉన్నాయి. బొగ్గు కాల్చేవాళ్ళు లేకపోయినా ఏటా ఎవరో ఒకరి నెత్తిన పెట్టి నవ్వుకుంటాం. అలాగే ఆ రోజు "దిబ్బ కాపరి" అని కొత్త పదవి పుట్టింది. ఆర్విల్ వద్దు వద్దంటూనే ఉన్నాడు. ఏకగ్రీవంగా ఎన్నుకున్నాం.

మొన్న జనవరిలో మొదటి శనివారం అది అమల్లోకి వచ్చింది. రాత్రంతా కురిసి, తెల్లారేసరికి ఆకాశం నీలంగా తేలింది. ట్యాంకరు తొమ్మిదీ ఇరవైకే దిగిపోయింది. డ్రైవరు పిల్లల్ని చూసి హారన్ కొట్టుకుంటూ వెళ్ళాడు. ఆర్విల్ అడ్డుకొయ్య ఈడ్చుకొచ్చి రోడ్డుకి అడ్డంగా నిలబెట్టి, గడియారం తీశాడు.

"ఇంకా రెండు నిమిషాలుంది."

"తాతా!"

"రూలు రూలే."

ఆ రెండు నిమిషాలూ పదకొండు స్లెడ్డులు ముక్కులు కిందికి పెట్టుకుని వణికాయి. నేను ఫ్లాస్కులో వేడి కోకో పట్టుకుని పైన నిలబడ్డాను. "పది!" అన్నాడు ఆర్విల్. ఒక్కొక్కరే వెళ్ళారు. ఆ కేకలు నేను రాయలేను. మెలిక దగ్గర రాతి గోడకి ఆర్విల్ ముందురోజే గడ్డి మోపులు పేర్చి పెట్టాడు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, నేను చూశాను.

ఎర్రబడ్డ మొహాలతో స్లెడ్డులు లాక్కుంటూ అందరూ మళ్ళీ పైకొచ్చారు. వచ్చి వరసలో నిలబడ్డారు. నిలబడే ఉన్నారు.

"ఏమైందర్రా? జారండి!" అన్నాను.

ఓపల్ తాడు చేతిలో పట్టుకుని నిటారుగా నిలబడింది. "అధ్యక్షా! అందరికీ ఒకసారి అయ్యేదాకా ఎవరూ రెండోసారి వెళ్ళకూడదు."

"అయిందిగా. పదకొండు మందీ వెళ్ళారు. నేను లెక్కపెట్టాను."

"మీ లెక్క తప్పు" అంది. తాత వైపు చూసింది.

"నేను కాపరిని" అన్నాడు ఆర్విల్ గాభరాగా. "కాపరులు జారరు."

"అలా రూల్లో ఉందా అధ్యక్షా?"

నేను ఆకాశం వంక చూసి కొంచెంసేపు ఆలోచించినట్టు నటించాను. "లేదు."

"అక్కా, నువ్వు నోరు మూసుకో!"

"అధ్యక్షురాల్ని నోరు మూసుకోమంటావట్రా?"

"నువ్వు మాత్రం జారావా? నీకూ ఒకసారి కాలేదుగా!"

పదకొండు మొహాలు నా వైపు తిరిగాయి. డెబ్బై ఒకటో ఏట ఎవరైనా అలా చిక్కుతారా? సైలస్ తన పొడుగు స్లెడ్డు తీసుకొచ్చి మా ముందు పెట్టాడు. ఓపల్ అంచు పట్టుకుని ఆపింది. ఆర్విల్ దాని చుట్టూ ఒకసారి తిరిగాడు, ఆవుని బేరం చేస్తున్నట్టు.

"ఈసారి ముందు నేను కూర్చుంటా" అన్నాడు.

"కూర్చో."

"తాడు నా చేతిలో ఉంటుంది."

"ఉంచుకో."

కోటు గుండీలన్నీ పెట్టుకుని, నోట్లో చెయ్యి పెట్టి కట్టుడు పళ్ళు తీసి, రుమాల్లో చుట్టి, జేబులో దాచుకున్నాడు. దాచుకుని కూర్చున్నాడు. నేను వాడి వెనక కూర్చుని నడుం పట్టుకున్నాను. ఎవరో నెట్టారు. అరవై ఏళ్ళ తరువాత మిల్లు దిబ్బ గాలి మొహాన కొట్టింది. ఎవరు అరుస్తున్నారో నాకు తెలీలేదు, కిందికొచ్చాక గొంతు మంట పుట్టింది కాబట్టి నేనే అయ్యుంటాను. మెలిక వచ్చింది. ఆర్విల్ తాడు లాగాడు. గోడ పక్కనుంచే, గడ్డిని రాసుకుంటూ వెళ్ళిపోయాం.

బడి వెనక మంచు కుప్పలో ఆగాం. నా టోపీ ఎక్కడో పోయింది. ఆర్విల్ వెల్లకిలా పడి ఉన్నాడు, పొట్ట ఎగిరెగిరిపడుతోంది. దెబ్బ తగిలిందేమోనని భయపడి మొహంలోకి వంగాను. పళ్ళులేని నోరు బార్లా తెరిచి నవ్వుతున్నాడు, తొమ్మిదేళ్ళప్పటి నవ్వు.

అప్పుడే పైనుంచి ఓపల్ గొంతు ఖంగుమంది. "అధ్యక్షా! పక్కకి జరగండి! అందరికీ ఒకసారి అయిపోయింది!"